తిరిగొచ్చిన సీసాలు

“గీ పప్పు ఉడుకుతలేదు రత్నమ్మా! పొద్దుగాల సంది పొయ్యి మీదనే ఉన్నది. గ్యాస్ అయితున్నది గని పప్పు మెత్తవడుతలేదు. జర చూడు!”

అండాలమ్మ గేటు తీసుకుని లోపలికి వచ్చేసరికే ఆ సంగతి చైతన్యపురిలోని ఆ గల్లీలో సగం మందికి తెలిసిపోయింది. ఆవిడ గొంతు అలాంటిది. రహస్యం చెప్పినా పక్క వీధివాళ్లు ఊఁ కొట్టాల్సిందే. కొంగుతో పట్టుకొచ్చిన గిన్నెను శేషారత్నం ముందు అరుగు మీద పెట్టి, నడుము మీద చేతులు వేసుకుని నిలబడింది.

శేషారత్నం గరిటెతో కలిపి చూసింది. నీళ్లు చక్కగా మరిగాయి. మునగాకు పైకి తేలుతోంది. మిరియాల వాసన ఘుమ్మంటోంది. ఒక కందిబద్దను తీసి వేళ్ల మధ్య నొక్కింది. నలగలేదు. ఇంకాస్త గట్టిగా నొక్కితే అది జారి, ఎగిరి, పూలకుండీలో పడింది.

ఆమె మొహం మాడిపోయింది. గల్లీలో పంచడానికని చారు దినుసులన్నీ సీసాల్లో నింపింది తనే; నిన్న సాయంత్రం మొదటి సీసాను పెద్దావిడ కదా అని అండాలమ్మకే ఇచ్చింది. మిగతావన్నీ మెడకు రిబ్బన్లు కట్టించుకుని హాల్లో బల్ల మీద పెళ్లివారిలా కూర్చున్నాయి.

అరుగు చివర కూర్చుని బతుకమ్మ కోసం గునుగు పూలకు రంగు అద్దుతున్న సైదమ్మ చేతులు తుడుచుకుని లేచింది. సైదమ్మది పక్కిల్లే. రెండు డాబాల మధ్య ఉన్నది నడుమెత్తు పిట్టగోడ ఒక్కటి. ఆ గోడ దాటి వెళ్లినన్ని గిన్నెలు గల్లీలో ఇంకే గుమ్మమూ దాటి ఉండవు. గరిటెడు చారు అరచేతిలో పోసుకుని చప్పరించింది.

“అక్కా, ఇండ్ల చింతపండు ఏసినవా?”

“వేశానుగా. ఎండబెట్టి, ఉప్పుతో కలిపి పొడికొట్టి...”

“పప్పుతోనే కలిపి ఏసినవా?”

శేషారత్నం నాలుక కరుచుకుంది.

పులుపు పడ్డ నీళ్లలో కందిపప్పు ఉడకదని వంటింట్లో అడుగుపెట్టిన ప్రతివాళ్లకీ తెలుసు. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి శేషారత్నం పప్పు మెత్తబడ్డాకనే పులుసు పోస్తోంది. నిద్రలో లేపి అడిగినా అదే చెబుతుంది. కానీ సీసాకు ఆ సంగతి ఎవరు చెప్పాలి? అడుగున పసుపుపచ్చగా కందిపప్పు, దాని మీద పొట్టు పెసరపప్పు, ఆపైన ఎండిన క్యారెట్ తురుము, మునగాకు, మిరియాల పొడి, వాటి మధ్య గోధుమరంగు గీతలా చింతపండు పొడి. వరసలు కనబడేలా పోస్తే ఎంత బావుంటుందో అని కూతురు అమల కంప్యూటర్లో ఫోటో చూపించింది. చూడ్డానికి బావుంది. తీసుకున్నవాళ్లు మొత్తం ఒకేసారి నీళ్లలో గుమ్మరిస్తారన్న ఆలోచనే రాలేదు.

సైదమ్మ నవ్వేసింది. “నన్నొక్క మాట అడిగితే అయిపోవు గద! నేను తెలంగాణ కోసమని ఎల్‌బీ నగర్ రోడ్డు మీద వంటావార్పుకు పోయి ఒచ్చేలోపల్నే అన్ని నింపి మూతలు బిగించినవ్. ఏం తొందరొచ్చింది నీకు?”

“తొందరుండదా మరి?” అండాలమ్మ అందుకుంది. “ఇల్లమ్ముకొని పోయేటోళ్లకు తొందరుండదా? బ్రోకరు నిన్న మా అరుగు మీదనే కూసున్నడు. బెజవాడ పోతున్రట. పోంగ పోంగ ఉడకని పప్పు ఇచ్చి పోతరా అనే నేనొచ్చింది!”

వీధిలో పాలవాడి సైకిలు బెల్లు మోగుతూ దూరమైంది.

సైదమ్మ శేషారత్నం వైపు చూసింది. కాదనమని అడుగుతున్నట్టు చూసింది. శేషారత్నం గిన్నెలోకి చూస్తూ ఉండిపోయింది.

“పూలు వాడిపోతయ్,” అంది సైదమ్మ. పళ్లెం ఎత్తుకుని, గేటు చప్పుడు కాకుండా వేసి వెళ్లిపోయింది.

అండాలమ్మకు అప్పుడు వెలిగింది. “గామెకు తెల్వదా?” అంది. ఆమె జీవితంలో మొదటిసారి చిన్నగా మాట్లాడింది.

* * *

శేషారత్నం భర్త విశ్వేశ్వరరావు కిటికీలోంచి అంతా విన్నాడు. పేపరు మడిచాడు, మళ్లీ విప్పాడు. భార్య లోపలికి వచ్చి బల్ల పక్కన కూలబడింది.

“తెలిసిపోయింది,” అంది.

“తెలియనీ. మనమేం దొంగతనం చేశామా?”

“దొంగతనం చేసినవాళ్లలాగే దాచాం కదండీ.”

“దాచమన్నది నేనే. ఒప్పుకుంటాను.” ఆయన కళ్లజోడు తీశాడు. “ముందే చెబితే సైదమ్మ ఏడుస్తుంది. ఆవిణ్ణి చూసి నువ్వేడుస్తావు. నిన్ను చూసి నేనాగిపోతాను. నా సంగతి నాకు తెలుసు రత్నం.”

ఆమెకు కోపం వచ్చింది. అంత నిజాయితీగా మాట్లాడేవాణ్ణి తిట్టడం కుదరక ఇంకా కోపం వచ్చింది.

“అసలు మిమ్మల్ని ఎవరేమన్నారు? ఆ ఒక్కటీ చెప్పండి.”

“ఎవరూ ఏమీ అనలేదు. అదే నా బాధ.” ఆయన పేపరు మళ్లీ మడిచాడు. “పార్కులో మా బెంచీ తెలుసుగా. రిటైరైన దగ్గర్నుంచి పొద్దున్నే అక్కడే కూర్చుంటాం. ఈ తెలంగాణ సమ్మె మొదలైనప్పట్నుంచి ఆంధ్రావాణ్ణి నేను వెళ్లేసరికి మాట ఆగిపోతుంది. జరిగి చోటిస్తారు, బాగున్నారా అంటారు. తర్వాత వాతావరణం గురించి మాట్లాడతారు. ఏదో ఒక మాట అనేస్తే బావుండేది. నేనూ ఒకటి అనేవాణ్ణి. మర్నాటికి ఇద్దరం మర్చిపోయేవాళ్లం.”

“మీకు చోటిస్తున్నారుగా?”

“చోటు ఎవరిక్కావాలి? నాతో పనిచేసిన భానుమూర్తిని చూడు. ఎల్‌బీ నగర్‌లో ఇల్లు అమ్మేసి బెజవాడ వెళ్లాడు. హాయిగా ఉన్నాడు.”

“హాయిగా ఉన్నాడో, మాట్లాడే మనిషి లేక ఊరుకున్నాడో. వారానికి ఎన్నిసార్లు ఫోన్ చేస్తున్నాడో మీకే తెలుసు.”

విశ్వేశ్వరరావు ఫోన్ మాట దాటేశాడు. కళ్లజోడు తుడుచుకుంటూ మెల్లగా అన్నాడు. “రేపు సద్దులతో బతుకమ్మ పండగ అయిపోతుంది, ఎల్లుండి కొనేవాళ్లు వస్తారు. ఇల్లు నీ పేరున ఉంది. నువ్వు సరేనంటేనే పని. వాళ్ల ముందు మొహం ఇలా పెట్టుకోకు.”

లోపలి గదిలోంచి అమల తొంగిచూసింది. తను పాఠాలు చెప్పే కోచింగ్ సెంటర్ సమ్మెతో మూతపడి ఇంట్లోనే ఉంటోంది. ఇద్దరినీ చూసి, ఇది తన సిలబస్ కాదనుకుని, తలుపు దగ్గరికి వేసేసుకుంది.

శేషారత్నం లేచి సీసాలన్నీ పెద్ద పళ్లెంలో సర్దింది. జల్లెడ చంకన పెట్టుకుని డాబా మెట్లెక్కింది. ఉడకని పప్పు ఇచ్చి వెళ్లిందన్న మాట మాత్రం ఆమె భరించలేదు.

* * *

పాత దుప్పటి పరిచి మొదటి సీసా బోర్లించింది. అంత అందమైన వరసలు క్షణంలో కలగాపులగమయ్యాయి. జల్లెడలో పోసి ఊపితే చింతపండు పొడితోపాటు మునగాకు పొట్టు కూడా గాలికి లేచింది. తుమ్ము వచ్చింది. కళ్లలో నీళ్లు వచ్చాయి. మిరియాల వల్లేనని ఆమె తనకు తాను చెప్పుకుంది.

“గట్ల గాదు. నిమ్మళంగ ఊపాలె.”

పిట్టగోడ అవతల సైదమ్మ నిలబడి ఉంది. చేతిలో పిండి జల్లించే సన్న జల్లెడ. గోడ దాటి వచ్చి దుప్పటికి అటువైపు కూర్చుంది. పలకరింపు లేదు. రెండో సీసా మూత తీసి పని మొదలుపెట్టింది.

చాలాసేపు జల్లెళ్ల చప్పుడే. పొడి కిందికి రాలుతోంది, పప్పు పైన మిగులుతోంది. బద్దలకు అంటుకున్నదాన్ని పొడిగుడ్డతో రుద్ది తీస్తున్నారు. సైదమ్మ ఎప్పుడూ పనిచేస్తూ మాట్లాడే మనిషి. మెయిన్‌రోడ్డు మీద కూరగాయల బండివాడి నుంచి టీవీ వార్తల దాకా దేన్నీ వదలదు. ఆ నోరు మూతపడితే డాబా అంతా శేషారత్నానికి పరాయి చోటులా తోచింది. నాలుగు తిట్టినా బావుండేదనుకుంది. అనుకోగానే పార్కు బెంచీ మీద భర్త గుర్తొచ్చి, అమ్మో అనుకుంది.

“ఎప్పటిసంది అనుకుంటున్రు?” సైదమ్మ తల ఎత్తకుండానే అడిగింది.

“వినాయక చవితి వెళ్లినప్పట్నుంచి.”

“గప్పటిసందే మా మునగచెట్టు ఆకు తెంపి ఎండవెడుతున్న నేను. కూరగాయల లారీలు వస్తలెవ్వు, దసరాకు గల్లీల అందరికి సూపు సీసలు ఇద్దామన్నవ్. నేనెంత సంబురపడ్డనో! గవి మీరు పోతపోత ఇచ్చేటియని నాకు తెల్వది. నా చేతులతోనే నిన్ను సాగదోలుకునుడైంది గద అక్కా.”

“చెబుదామనే రోజూ మెట్లెక్కేదాన్ని సైదమ్మా. నీ మొహం చూశాక నోరు వచ్చేది కాదు.”

“ఇప్పుడు అండాలమ్మకు నోరొచ్చింది.”

శేషారత్నానికి నవ్వు, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి. రెండూ మింగింది.

సైదమ్మ జల్లెడ కింద పెట్టింది. “మా ఆయన బస్సు డిపోల పెట్టేసి సమ్మెల కూసున్నడు. నేను నడిరోడ్డు మీద పొయ్యి వెట్టి అన్నం వండిన. మా రాష్ట్రం మాకు కావాలని. నీ ముందట దాస్తలేను. గని, నిన్ను పొమ్మని నేనెన్నడన్న అన్ననా?”

“లేదు.”

“మా ఆయన అన్నడా?”

“సైదులు అలాంటి మాట అనడు.”

“మరి ఎవలన్నరు?”

“ఎవరూ అనలేదు సైదమ్మా.”

“ఎవలు అనకుంటనే పోతున్రా?”

పొద్దున శేషారత్నం భర్తను అడిగింది కూడా అదే. కింద ఆయన చెప్పినప్పుడు బరువుగా ఉన్న మాట, ఇక్కడ ఎండలో చూస్తే చేతిలో ఏమీ లేనట్టే ఉంది.

సైదమ్మ పేపరు చింపి, గరిటెడు చింతపండు పొడి పోసి పొట్లం కట్టింది. దాన్ని సీసా మెడకు దారంతో బిగించింది. “పప్పు ఉడికినంకనే విప్పుమని అందరికి చెప్పు,” అంది. ఇంకొకటి కట్టింది. కట్టి దాన్ని అటూఇటూ తిప్పి చూసింది. “చూడక్కా, పొట్లం ఏరువడ్డది. గని, సీసను ఇడిచిపెట్టి యాడికన్న పోయిందా? మెడకు చుట్టుకొని ఇక్కడనే ఉన్నది.”

ఆ మాట సైదమ్మ నవ్వుతూ అనలేదు. శేషారత్నం తల దించుకుని దారం తెంపి అందించింది.

పని అయ్యేసరికి ఎండ గోడ దిగింది. శేషారత్నం అన్నిట్లోకీ బాగా కుదిరిన సీసాను ఏరి సైదమ్మ ముందు పెట్టింది. తీసుకోదేమోనని భయపడింది. సైదమ్మ తీసుకుంది. తీసుకుని గోడ దాటింది.

* * *

మర్నాడు ఇంటింటికీ తిరిగి సీసాలు ఇచ్చింది. ప్రతి ఇంట్లోనూ పొట్లం సంగతి చెప్పింది. చివర్లో, “సీసా మీ దగ్గరే ఉంచుకోండి, తిరిగి ఇవ్వక్కర్లేదు,” అంది.

మళ్లీ ఇంకో సీసా అందుకున్న అండాలమ్మకు కోపం వచ్చింది. “ఉంచుకునుడేంది? మా ఇంట్ల సీసలు లేవా?”

శేషారత్నం మర్చిపోయిన సంగతి అదే. ఆ గల్లీలో ఒకరింటి గిన్నె ఇంకొకరింట్లో ఉండిపోదు. తిరిగి వెళ్లేటప్పుడు ఊరికే వెళ్లదు. చిటికెడు చక్కెరయినా, రెండు పచ్చిమిరపకాయలయినా అందులో ఉండాలి. ఆమె పుట్టింటి వైపూ అంతే. తీసుకుని ఊరుకోవడం ఎరగని ఆడవాళ్లకు సీసాల్లో పెట్టి వీడ్కోలు పంచడం ఎంత తెలివితక్కువో ఆమెకు మరుసటి రోజు పొద్దున తెలిసింది.

కొనేవాళ్లు చెప్పిన వేళకే వచ్చారు. ఎల్‌బీ నగర్‌లో లారీల వ్యాపారం చేసే మహేందర్, అతని భార్య జ్యోతిక. నల్గొండ వైపువాళ్లు. మర్యాద తెలిసినవాళ్లు. జ్యోతిక వంటింట్లో గూళ్లను చేత్తో తడిమి, “మంచిగ పెట్టుకున్నరు ఆంటీ,” అంది. చెడ్డవాళ్లయినా బావుండేది అనుకుంది శేషారత్నం. వద్దనడానికి ఒక కారణం దొరికేది.

హాల్లో కూర్చున్నారో లేదో గేటు చప్పుడైంది. అండాలమ్మ.

“ఇగో నీ సీస. రాత్రి బతుకమ్మ ముందట పెట్టే సద్దుల కోసం చేసిన నువ్వుల పొడి.” బల్ల మీద పెట్టి, వచ్చినవాళ్లను పైనుంచి కిందిదాకా చూసి, చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్లిపోయింది.

విశ్వేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. “నీళ్లకు ఇబ్బంది లేదండీ, బోరు...”

మళ్లీ గేటు. ఎదురింటి రాములమ్మ. సీసా నిండా పల్లీల పొడి. “పప్పు వెన్నలెక్క ఉడికింది వదినా,” అంది. ఆ వెనకే మూలింటి నాగేశ్వరి, గోదావరి జిల్లా మనిషి. “సున్నిపిండి పోశానండీ, తినేది అనుకునేరు,” అని నవ్వింది. ఇంకొకరు కొబ్బరి పొడి. ఇంకొకరు రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ముద్దలు. మొన్న రిబ్బన్లు కట్టుకుని కూర్చున్న సీసాలే, కొత్త రంగులతో ఒక్కొక్కటీ తిరిగొచ్చి అదే బల్ల మీద చేరాయి.

జ్యోతికకు నవ్వాగలేదు. “మా ఊళ్లె గూడ గింతే ఆంటీ. గీ గల్లీ మంచిగున్నది.”

“అవునమ్మా,” అంది శేషారత్నం.

విశ్వేశ్వరరావు ఆ సీసాల వైపు చూడకుండా ఉండటానికి గోడ గడియారాన్ని చూస్తున్నాడు.

చివరికి సైదమ్మ వచ్చింది. పండగ చీర కట్టుకుని ఉంది. గుమ్మంలోనే నిలబడి, “మంచిగున్నరా సారూ,” అని ఆయన్ను పలకరించి, కొంగు చాటు నుంచి సీసా తీసి శేషారత్నం చేతిలో పెట్టింది.

శేషారత్నం దాన్ని చూసింది. కడిగి, తుడిచి, తళతళలాడుతూ ఉంది. లోపల ఏమీ లేదు. మూత తీసింది. నిజంగానే ఏమీ లేదు.

ఇన్నేళ్లలో ఆ చేతుల్లోంచి ఆమెకు వట్టి గిన్నె ఒక్కసారి కూడా రాలేదు.

“ఏంటిది సైదమ్మా?”

“చారు మంచిగైంది అక్కా. మా ఆయన రెండుసార్లు పోసుకున్నడు.”

“అది కాదు నేనడిగేది.”

సైదమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. “నింపి తెద్దామనే నువ్వులు దంచిన. దంచినంక మనసున వట్టింది. నేను నింపి ఇస్తె, నువ్వు మల్ల నింపి ఇయ్యాలె గద. యాడికెళ్లి ఇస్తవ్? అందుకే ఏం పెట్టలే.”

అమల గది తలుపు తెరుచుకుంది. ఈసారి మూసుకోలేదు.

మహేందర్ ఇబ్బందిగా కదిలాడు. “మేం దీపావళి లోపల దిగుదామనుకుంటున్నం అమ్మా. ఇల్లు మీ పేరు మీదున్నదని సారు చెప్పిన్రు. మీరు సరే అంటె...”

అందరూ ఆమె వైపే చూస్తున్నారు. విశ్వేశ్వరరావు మాత్రం నేల చూస్తున్నాడు. ఆయన వేళ్లు కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. శేషారత్నానికి ఆయన మీద జాలి కలిగింది. ఆ బెంచీ మీద ఒంటరిగా కూర్చున్నది ఆయనే, తను కాదు. ఆ జాలి నిజం. చేతిలో ఉన్న సీసా కూడా నిజమే.

మూతలోంచి ఇంకా కొద్దిగా మిరియాల వాసన వస్తోంది.

“సైదమ్మా, మీ చెట్టుకి లేత మునగాకు ఉందా?”

“ఉంటది. ఎందుకక్కా?”

“ఈ సీసా నింపాలి.” ఆమె మహేందర్ వైపు తిరిగింది. “ఏమీ అనుకోకండి బాబూ. ఆకు నీడన ఎండాలి. చింతపండు ఎండలో ఎండాలి. ఈసారి దేనికది విడిగా పెట్టాలి. ఇదంతా అయ్యేసరికి చాలా రోజులు పడుతుంది. నింపి ఇచ్చినా, మళ్లీ అటునుంచి నిండి వస్తుంది.”

“రత్నం!” అన్నాడు విశ్వేశ్వరరావు.

ఆమె ఆగలేదు. సైదమ్మ చెయ్యి పట్టుకుని డాబా మెట్ల వైపు నడిచింది.

హాల్లో విశ్వేశ్వరరావు కుర్చీలోంచి లేచాడు. వచ్చినవాళ్లకు చేతులెత్తి దణ్ణం పెట్టి పంపడానికో, భార్య వెనకాల వెళ్లి ఆమెను కిందికి పిలవడానికో, లేచి నిలబడ్డాక కూడా ఆయనకే తెలియలేదు.